బండి సంగతులు: టైర్లు పెద్దవయ్యాయి, స్టెప్నీ పాతదే

ప్రశ్న: బాబాయిగారూ, మాది మలికిపురం దగ్గర పల్లెటూరండి. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొన్నాను. అంబాజీపేటకి కొబ్బరికాయలు, రావులపాలెం యార్డుకి అరటి గెలలు తోలుతుంటాను. తోటల్లోకి దిగినప్పుడల్లా బండి అడుగు తగులుతోందని మొన్న దసరాకి నాలుగు టైర్లూ మార్పించాను. కంపెనీ ఇచ్చిన సైజు 215/75 ఆర్15, ఇప్పుడు వేసినవి 235/75 ఆర్15. డిస్కులు పాతవే. స్టెప్నీ మాత్రం ఆ పాత 215 అలాగే ఉంచాను. ఒక్కరోజు కూడా రోడ్డు మీద తిరగలేదు, గ్రిప్పు కొత్తదానిలా ఉంది. టైర్ల షాపాయన "ఇంటికి చేరడానికేగా, చాలు" అన్నాడు. మా డ్రైవరేమో "వెనక వేస్తే డిఫరెన్షియల్ పోద్ది" అంటున్నాడు. తెలిసినాయన వాడిన 235 ఒకటి చవగ్గా ఇస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు? (ఒక పాఠకుడు, మలికిపురం మండలం)

జవాబు: బాబూ, మీ డ్రైవరు మాట నిజం. షాపాయన మాట కొట్టిపారెయ్యక్కర్లేదు గానీ, సగమే చెప్పాడు. ఆ పాత స్టెప్నీ మిమ్మల్ని ఇంటికి చేర్చగలదు, ముందు చక్రంగా వెళ్తే. వెనక చక్రంగా, అదీ గెలల లోడు మీద వెళ్తే చేర్చకపోవచ్చు. ఎందుకో లెక్క చూద్దాం.

టైరు మీద 215 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి డెబ్బయ్యైదు వంతులు టైరు గోడ ఎత్తు. 15 డిస్కు అంగుళాలు, అంటే 381 మి.మీ. పాతదాని మొత్తం ఎత్తు 703 మి.మీ. పైచిలుకు, కొత్తదాని ఎత్తు 733 పైచిలుకు. తేడా 30 మి.మీ. చూడ్డానికి వేలెడంత కూడా లేదు. కానీ చక్రం తిరిగేది చుట్టుకొలత మీద కదండీ. పాతది ఒక్క చుట్టుకి 2,210 మి.మీ. వెళ్తుంది, కొత్తది 2,304. కిలోమీటరు దూరం పోవడానికి కొత్తది 434 చుట్లు తిరిగితే, అదే దూరానికి పాతది 452 చుట్లు తిరగాలి. పద్దెనిమిది చుట్లు ఎక్కువ. పది కిలోమీటర్లు పోయేసరికి నూట ఎనభై దాటాయి.

డిఫరెన్షియల్ అంటే వెనక ఇరుసు మధ్యలో ఉండే పళ్ల చక్రాల డబ్బా. దాని లోపల నాలుగు చిన్న పళ్ల చక్రాలుంటాయి. కొన్ని బండ్లకి రెండే. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కాబట్టి ఆ తేడాని సర్దడమే వాటి పని. రోడ్డు తిన్నగా ఉంటే అవి కదలవు, మొత్తం గుత్తంతా ఒక్కటిగా తిరుగుతుంది. వాటి కింద బేరింగులుండవు, సాదా వాషర్ల మీద తిరుగుతాయి. వాటిని తయారుచేసింది అడపాదడపా పని కోసమే. మీరు వెనక ఒక పక్క 703, ఇంకో పక్క 733 వేసి నడిపారనుకోండి, చించినాడ వంతెన మీద తిన్నగా పోతున్నా సరే, ఆ పళ్లకి బండి ఎప్పుడూ మలుపులోనే ఉన్నట్టు. లోడు మీద, వేగం మీద అలా తిప్పితే వాషర్లు అరుగుతాయి, ఆయిలు కాగుతుంది. మీ డ్రైవరు భయం దాని గురించే. ఐదారు కిలోమీటర్లు, ఖాళీ బండి, నెమ్మదిగా అయితే ఏమీ కాదు. మలికిపురం నుంచి రావులపాలెం దాకా లోడుతో అలా పోతానంటే నేను ఒప్పుకోను.

కాబట్టి పాత స్టెప్నీ ఉన్నన్నాళ్లూ ఈ పద్ధతి పాటించండి. వెనక చక్రం పంచరైతే, ముందు ఒక పక్క నుంచి మంచి 235 చక్రం విప్పి వెనక బిగించండి. పాత 215 ముందు వెయ్యండి. జాకీ రెండుసార్లు ఎత్తాలి, అరగంట ఎక్కువ పడుతుంది. అయినా అదే సరైన పని. ముందు ఇరుసుకి ఇంజను తిప్పే పళ్లు లేవు కాబట్టి అక్కడ చిన్న చక్రం తన మానాన తాను ఎక్కువ చుట్లు తిరుగుతుంది. స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది, బ్రేకు కొట్టినప్పుడు ఇంకొంచెం తెలుస్తుంది, అందుకని నలభై దాటకండి. ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే డ్యాష్ మీద లైటు వెలిగినా వెలగొచ్చు. బండి నాలుగు చక్రాలూ లాగే రకమైతే మాత్రం స్టెప్నీ తగిలించి ఉన్నంతసేపూ ముందు ఇరుసు కలపవద్దు.

ఇక మీరే కొలిచి చూసుకునే విధానం చెబుతాను. మా షాపులో పాతికేళ్లు ఇదే చేశాను. అంకెల లెక్క కొత్త టైరుకి. అరిగినదానికి అది చెల్లదు. బండి ముందు చక్రం ఒకటి విప్పండి, స్టెప్నీ కిందకి దించండి. రెండింట్లోనూ ఒకే గాలి పెట్టండి. సిమెంటు నేల మీద స్టెప్నీని నిలబెట్టి, నేల తాకేచోట టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో ఒకే గీత గీయండి. పక్కన ఒకళ్లు పట్టుకుంటే చాలు, మెల్లిగా దొర్లించుకుంటూ పోండి. టైరు మీది గీత తిరిగొచ్చి నేలని ముద్దాడిన చోట ఇంకో గీత. ఈ రెండు గీతల మధ్య టేపు పెట్టి కొలవండి. తరవాత రెండో చక్రాన్ని అదే మొదటి గీత మీద నిలబెట్టి అలాగే దొర్లించండి. మీ విషయంలో రెండో గీత దాదాపు తొంభై మి.మీ. అవతల పడుతుంది. తేడా పది, పదిహేను మి.మీ. లోపలుంటే వెనకైనా వేసుకుని ఊరు చేరొచ్చు. ఇది నా చేతి లెక్క. కంపెనీ పుస్తకంలో ఇంతకంటే కచ్చితమైన మాటుంటే దాన్నే నమ్మండి.

ఇప్పుడు మీ రెండో దారి, వాడిన 235. కొనొచ్చు, నాలుగు సంగతులు చూసి. మొదటిది దాని వయసు. గోడ మీద నాలుగంకెలు కోడిగుడ్డు ఆకారంలో గడి కట్టి ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారీ. ఆరేళ్లు దాటినదాన్ని, ఎంత గ్రిప్పున్నా, నేను వాడిన టైరుగా కొనను. రెండోది గ్రిప్పు. గాడి అడుగున చిన్న దిమ్మ ఉంటుంది, అరుగుదల గుర్తు. గ్రిప్పు దానికి సమానమైతే 1.6 మి.మీ. మాత్రమే మిగిలిందని, చట్టం ప్రకారం ఇంక పనికిరాదని అర్థం. మూడోది బరువు. సైజు ఒకటే అయినా జీపులకి, కార్లకి వేసే 235 వేరు, సరుకు బండికి వేసే 235 వేరు. సైజు పక్కనే బరువు అంకె ఉంటుంది. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 104 అంటే 900, 108 అంటే 1,000, 112 అంటే 1,120. ఇది స్టెప్నీకే కాదు బాబూ, మీరు దసరాకి వేయించిన నాలుగింటికీ వర్తిస్తుంది. ఇవాళే వంగి చదవండి. పాత 215 మీది అంకెకంటే కొత్తవాటి అంకె తక్కువుంటే, మీరు పెద్ద టైర్లేసుకుని బండి మోసే బరువుని తగ్గించుకున్నట్టే. అప్పుడు లోడు తగ్గించండి, లేదా టైర్లు మార్చండి. టైరు మీది బరువు అంకెని మాత్రం కంపెనీ చెప్పినదానికి తగ్గనివ్వకండి.

నాలుగోది డిస్కు. స్టెప్నీ డిస్కు లోపలి పక్క 5.5జె, 6జె అని అచ్చు ఉంటుంది, వెడల్పు అంగుళాల్లో. 215/75 టైరు అయిదున్నర మీద కూర్చుంటుంది. 235/75కి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలుండాలి. మీ డిస్కులు అయిదున్నరవైతే వాటి మీద 235 వేయడమే తప్పు. టైరు ఉబ్బి మధ్యలో అరుగుతుంది, మలుపులో అటూ ఇటూ పొర్లుతుంది. ఈ ఒక్కటీ షాపాయన చూసి చెప్పాల్సింది. మీ ఉత్తరంలో ఆ మాట లేదు, అందుకే నాకు బెంగగా ఉంది.

అన్నీ కుదిరాయి అనుకుందాం. 235 స్టెప్నీని కింద కట్టడం ఇంకో సంగతి. ఛాసిస్ మధ్య చైను లాగి బిగించే చోటు కంపెనీ 215 కొలతకి చేసింది. కొత్తది చుట్టూ పదిహేను మి.మీ. పెద్దది, మందం ఇరవై మి.మీ. ఎక్కువ. సైలెన్సరు గొట్టానికి ఆనుతుందేమో, కమాను కట్టల దగ్గర రాస్తుందేమో టార్చి వేసి చూడండి. చక్రం పైకొచ్చి ఛాసిస్‌కి నిండుగా ఒత్తుకోవాలి, చేత్తో గుద్దితే కదలకూడదు. ఊగే స్టెప్నీ చైనుని తినేస్తుంది. ఓ సారి సిద్ధాంతం వంతెన దాటాక ముందు పోతున్న బండి నుంచి స్టెప్నీ ఊడిపడి రోడ్డు మీద దొర్లడం నా కళ్లతో చూశాను. వెనక మోటారు సైకిల్ మీద మొగుడూ పెళ్లాం, మధ్యలో పిల్ల. వాళ్లు తప్పుకున్నారు. ఆ చక్రం నా లారీ బంపరుకి తగిలి ఆగింది. ఆ రోజు నుంచీ స్టెప్నీకి చైనుతో పాటు ఓ నైలాన్ తాడు అడ్డంగా కట్టించని బండిని నేను షాపు దాటనివ్వలేదు.

ఇంకో మాట. టైరు ఎత్తు 30 మి.మీ. పెరిగితే బండి లేచేది అందులో సగం, 15 మి.మీ. కింద పడుకోబెట్టిన స్టెప్నీ మందం పెరిగేది 20 మి.మీ. అంటే తోటలో తగలకూడదని మీరు టైర్లు మార్చారు, స్టెప్నీ మాత్రం మునుపటికంటే 5 మి.మీ. కిందకే వేలాడుతుంది. సఖినేటిపల్లిలో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) ఎక్కేటప్పుడు, ఏటిగట్టు మీంచి లంకలోకి దిగేటప్పుడు ముందు తగిలేది అదే. వీలుంటే దాన్ని బాడీ ముందు గోడకి, క్యాబిన్ వెనక నిలువుగా బిగించేలా ఊళ్లో వెల్డరుతో స్టాండు చేయించండి. ఓ గెల చోటు పోతుంది. రాత్రి వర్షంలో బురదలో పడుకుని చైను దింపే బాధ తప్పుతుంది.

నన్నడిగితే మీరు చేయాల్సింది ఇది. దసరాకి కొన్న రకమే, అదే కంపెనీదే ఐదోది కొనండి. దాన్ని స్టెప్నీగా పడుకోబెట్టకుండా ఐదింటినీ మార్చుకుంటూ తిప్పండి. అప్పుడు అయిదూ ఒక్కలా అరుగుతాయి, ఏది ఎక్కడికి వెళ్లినా తేడా రాదు. పాత 215ని అమ్మేసి ఆ డబ్బు ఇందులో కలపండి. ఐదోది కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే ముందు చెప్పిన పద్ధతిలో 215నే ఉంచుకోండి, సిగ్గుపడే పనేం కాదు. గాలి మాత్రం వెనక చక్రానికి లోడు మీద ఎంత కావాలో అంత నింపి ఉంచండి. ముందు వేయాల్సొస్తే తగ్గించుకోవచ్చు, అర్ధరాత్రి దారిలో పెంచుకోలేం.

చట్టం సంగతి కూడా. సరుకు బండి రిజిస్ట్రేషన్‌లో ఏ ఇరుసుకి ఏ సైజు టైర్లో కంపెనీ చెప్పింది రాసి ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆ వివరాలకి తేడా వచ్చే మార్పుని ఒప్పుకోదు. ఫిట్‌నెస్‌కి వెళ్లేముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. స్పీడు మీటరు కూడా ఇప్పుడు తక్కువ చూపిస్తుంది. ముల్లు 80 దగ్గరుంటే మీరు నిజానికి 83 మీద ఉన్నారు.

ప్రశ్న: నమస్తే అండి. మాది మండపేట, ఆరు టైర్ల లారీ, బియ్యం లోడు. వెనక నాలుగూ అరిగిపోతే ఈసారి 295/90 ఆర్20 వేశాం. ముందు రెండూ 10.00 ఆర్20. ఇంట్లో రెండు టైర్లు మిగిలాయి. ఒకటి సగం అరిగిన 10.00 ఆర్20 రేడియల్, రెండోది ఇంకా తొడగని 10.00-20 నైలాన్. కొత్తది కదా అని నైలాన్ స్టెప్నీకి కట్టమంటున్నారు మా నాన్నగారు. (ఒక పాఠకుడు, మండపేట)

జవాబు: నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. అయినా ఆ సగం అరిగిన రేడియల్నే కట్టండి.

10.00 ఆర్20 అంటే పది అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల డిస్కు, ఆర్ అంటే రేడియల్. 295/90 ఆర్20 ఎత్తు లెక్క ప్రకారం 1,039 మి.మీ. కొత్త 10.00 ఆర్20 ఎత్తు 1,050 దాటుతుంది. గ్రిప్పు ఏడు మి.మీ. అరిగితే ఎత్తులో పద్నాలుగు తగ్గుతుంది. అంటే మీ దగ్గరున్న సగం అరిగిన టైరు కొత్త 295 పక్కన దాదాపు సమానంగా నిలబడుతుంది. వెనక ఒక్కో పక్కా ఆనుకుని ఉండే రెండు టైర్ల జతలో 9.00, ఆ పై సైజులకి ఎత్తు తేడా 13 మి.మీ. దాటనివ్వకూడదు, 8.25 వరకూ అయితే 6 మి.మీ. కొలవండి. ఏ కాస్త తేడా ఉన్నా చిన్నది లోపలికి, పెద్దది బయటికి. రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులు వాలుగా ఉంటుంది కాబట్టి.

నైలాన్ గోడ గట్టిది, రేడియల్ గోడ లోడుకి వంగుతుంది. ఒకే జతలో రెండూ పెడితే బరువు సమానంగా పంచుకోవు. ఒకే ఇరుసు మీద కూడా కలపొద్దు.

ఎందుకింత పట్టుగా చెబుతున్నానంటే, 1996 నవంబరు 6న తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చాక నెలల తరబడి మా లారీల్లో పడిపోయిన చెట్ల దుంగలే. నా బండికి 9.00-20 టైర్లు, ఓనరు ఇచ్చిన స్టెప్నీ 8.25-20. వెనక లోపలిది పేలితే అదే తొడిగాను. నలభై మి.మీ. పైన తేడా. కిందకి వంగి చూస్తే లోపలి టైరు నేలని తాకీ తాకనట్టుంది, బయటిది పొట్ట ఉబ్బి కూర్చుంది. చూశాను, అయినా బయలుదేరాను. జొన్నాడ రాకముందే బయటిది పేలింది. దుంగలు పక్కకి ఒరిగాయి. క్లీనరు కుర్రాడు ఎడమ పక్క తలుపు దగ్గరున్నాడు. వాడికి చెయ్యి విరిగింది. ఇప్పుడు వాడికి పెళ్లీడు పిల్లలున్నారు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. కనిపించినప్పుడల్లా "బాబాయ్" అని నవ్వుతూ పిలుస్తాడు. నాకు ఆ చెయ్యే కనిపిస్తుంది.

2018లో ఇరుసు బరువులు పెంచారు. నాలుగు టైర్ల వెనక ఇరుసుకి ఇప్పుడు 11.5 టన్నులు. ఒక్కో టైరుకి 2,875 కిలోలు. జతలో ఒకటి గాల్లో ఉంటే పక్కది 5,750 మోయాలి. ఏ టైరూ దానికి చేసింది కాదండి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది భీమవరం దగ్గర. మావారు రొయ్యల చెరువుల నుంచి ఐసు పెట్టెలు తోలతారు. మొన్న టైర్లు మార్చాం, సైజు మార్చలేదు. స్టెప్నీ బండితో పాటు వచ్చింది, ఎనిమిదేళ్లయింది, ఎప్పుడూ వాడలేదు. అసలు స్టెప్నీ అన్న మాట ఎక్కడిదండి? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఆ మాట ఇంగ్లండు పక్కనున్న వేల్స్ దేశంలోనిది. లానెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధిలో డేవీస్ అన్నదమ్ములు 1904లో ఊచలు లేని అదనపు చక్రం తయారుచేశారు. పంచరైన చక్రానికే పక్కన బిగించుకుని పోయేవారు. ఆ వీధి పేరే మన దాకా వచ్చి నిలిచింది.

మీ టైరు మార్చేయండి. ఎనిమిదేళ్లు ఎండా వానా ఉప్పు చెమ్మా తిన్న రబ్బరు, తిరగకపోయినా ముదిరిపోతుంది. గోడ మీద బొటనవేలితో నొక్కి వంచితే సన్నటి బీటలు కనిపిస్తాయి. వాటిని చూశాక ఆ టైరు మీద మీవారిని రాత్రిపూట పంపడానికి మీకే మనసొప్పదు.

టైరుకంటే ముందు ఇంకోటి చూడండి. రొయ్యల పెట్టెల నుంచి కారే నీళ్లు తిన్నగా స్టెప్నీ చైను మీదే పడతాయి. మీలాంటి బండ్లలో పంచరైనవేళ చైను తుప్పుపట్టి దిగక, గొలుసు కోయించుకుని స్టెప్నీ తీసినవాళ్లు నా దగ్గరకి చాలామంది వచ్చారు. నెలకోసారి, లెక్కలు రాసుకునే రోజున, ఆయన చేత స్టెప్నీ పూర్తిగా కిందకి దింపించి మంచినీళ్లతో కడిగించండి. చైనుకి, తిప్పే మరకి గ్రీజు పెట్టించి, గాలి చూసి మళ్లీ ఎక్కించమనండి. వీల్ స్పానరు, జాకీ, జాకీ కింద వేసుకోవడానికి ఓ చెక్కపలక క్యాబిన్‌లో ఉండాలి. చెరువు గట్టు మట్టిలో పలక లేకుండా జాకీ దిగిపోతుందే తప్ప బండి లేవదు. చక్రం మార్చాక యాభై కిలోమీటర్లు పోయి నట్లు మరోసారి బిగించమని చెప్పండి.